మాట వద్దన్న ఇల్లు

2007 జూన్‌లో నన్ను అనకాపల్లి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి బదిలీ చేశారు. హోదా జూనియర్ టెలికాం ఆఫీసరు, వాడుకలో జేటీవో. లైన్‌మన్‌కి పైన, సబ్ డివిజనల్ ఇంజినీరుకి కింద ఉండే మెట్టు. పైవాళ్ల కోపమూ కిందివాళ్ల విసుగూ వచ్చి కలుసుకునేది ఆ మెట్టు మీదే. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. సర్వీసంతా మాటను మోసే పనిలోనే గడిచింది. లైను బాగుందో లేదో చూడాలంటే రిసీవరు చెవికి పెట్టుకుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం, అవతలివాడిచేత లెక్కపెట్టించడం, గరగర లేకపోతే ఫారం మీద సంతకం పెట్టడం. అదే మా చదువు, అదే మా గర్వం.

బ్రాడ్‌బ్యాండ్ మా ఎక్స్‌ఛేంజికి కొత్తగా వచ్చిన రోజులవి. పాత టెలిఫోన్ తీగ మీదే మాటా ఇంటర్నెట్టూ రెండూ నడుస్తాయి. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న తెల్ల పెట్టె ఆ రెంటినీ విడదీసి, ఒకదాన్ని ఫోనుకీ రెండోదాన్ని మోడెంకీ ఇస్తుంది. మోడెం మీద ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగితే మా పని అయిపోయినట్టు. అక్కడినుంచి కంప్యూటరు దాకా ఉన్నదంతా చందాదారుడిదే. ఆ గీత దాటవద్దని మా సబ్ డివిజనల్ ఇంజినీరుగారు కాగితం మీద రాసి మరీ చెప్పారు. అంతకుముందు మావాళ్లలో ఒకరు ఎవరి కంప్యూటర్‌లోనో ఏదో సాఫ్ట్‌వేర్ వేయబోతే, అది మళ్లీ తెరుచుకోలేదు. ఆ ఫిర్యాదు జిల్లా ఆఫీసు దాకా వెళ్లింది.

నేను ఆ గీత దాటింది ఆగస్టులో, గవరపాలెంలో దేవదానం మాస్టారి ఇంట్లో.

ఆయన మిషను బడిలో లెక్కల మాస్టారు. ప్రశ్నపత్రాలు టైపు చేయడానికి విడిభాగాలు కూర్చి చేయించుకున్న కంప్యూటరు ఒకటి ఇంట్లో ఉండేది. మా లైన్‌మన్ అప్పల్రాజూ నేనూ వెళ్లి మోడెం పెట్టి, దీపం చూపించి, సంతకం కోసం ఫారం ఇచ్చాం. ఆయన ఫారం చేతిలో పట్టుకునే నిలబడిపోయారు. తరువాత మెల్లగా, "ఇంజినీరుగారూ, మనిషి కనపడేలా మాట్లాడుకునే సాఫ్ట్‌వేరులు ఊరికే దొరుకుతాయట కదా. ఏది మంచిదో మీరే చెప్పాలి. తప్పు ఎంచుకుంటే దిద్దుకునే వ్యవధి లేదు మాకు," అన్నారు.

వెనక గదిలోకి తీసుకెళ్లారు. మంచం మీద ఆయన భార్య కరుణమ్మగారు కుడి కాలికి తొడ దాకా పిండికట్టుతో పడుకుని ఉన్నారు. వానకు నాచు పట్టిన పెరట్లో జారిపడ్డారట. ఆరు వారాలు కదలకూడదు. "వందనాలు బాబూ, కూకోండి" అని ఆవిడే విషయమంతా చెప్పారు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఎస్తేరుకి పుట్టుకనుంచి వినపడదు, మాట రాదు. అల్లుడికీ వినపడదు. అతను రాష్ట్రం సరిహద్దు దాటాక కొండల్లో ఉన్న ఒక మిషను ఆసుపత్రిలో కుట్టుపని చేస్తాడు. ఎస్తేరుకి ఎనిమిదో నెల దాటింది. రక్తపోటు పెరిగిందని ఆ ఆసుపత్రిలోనే చేర్చుకున్నారు. డాక్టరమ్మగారు రోజూ మూడు సంగతులు అడగాలి: తలనొప్పి ఉందా, కళ్ల ముందు మెరుపులు వస్తున్నాయా, రొమ్ము కింద నొప్పి ఉందా. రక్తపోటు యంత్రం చెబుతుంది. వాపు కంటికి కనపడుతుంది. ఈ మూడూ మాత్రం రోగే చెప్పాలి. వీటిలో ఏది మొదలైనా ఆలస్యం చేయకూడదు, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం.

"సైగతో అడగరా?" అన్నాను.

"అడుగుతారు బాబూ. ఏటడిగినా అది తలూపి నవ్వుతాది. సెవులున్నోళ్లని ఇసిగించకూడదని సిన్నప్పట్నుంచీ దానికి అలవాటైపోనాది. నొప్పుందా అంటే తలూపుతాది, నేదా అన్నా తలూపుతాది. నిజవేటో నాకు తప్ప సెప్పదు."

ఆ పిల్ల బడికి ఆలస్యంగా వెళ్లింది. పేరూ ఊరూ రాయగలదు, అంతకు మించి రాయలేదు. తల్లీకూతుళ్లకు చేతుల భాష ఒకటుంది, ఇంట్లో పుట్టి ఇంట్లోనే పెరిగినది. మాస్టారికి అందులో సగం వచ్చు. "నా చేతులు మొద్దండీ. అన్నం, నీళ్లు, బడి దాకా వచ్చు. మెరుపులు అంటే నాకు రాదు," అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. కరుణమ్మగారు కదలలేరు. ఆసుపత్రి ఆఫీసులో కెమెరా ఉన్న కంప్యూటరు ఉంది. రోజూ ఉదయం పది గంటలకి దాని ముందు ఎస్తేరుని కూర్చోబెడతామని అక్కడి తెలుగు నర్సు, కుమారి సిస్టరు, ఒప్పుకుంది. ఇటువైపు ఏర్పాటే మిగిలింది.

గీత సంగతి ఒకసారి గుర్తొచ్చింది. మళ్లీ గుర్తు తెచ్చుకోలేదు.

మర్నాడు ఆదివారం. కంప్యూటర్ పత్రికలతో పాటు వచ్చే సీడీలు మా ఇంట్లో దొంతరగా ఉండేవి, వాటిలో ఉచిత సాఫ్ట్‌వేరులు నింపి ఇచ్చేవారు. నెట్ మీదనుంచి దింపుకోవాలంటే గంటలు పట్టేది, మధ్యలో కరెంటు పోతే మొదటికి వచ్చేది. అందుకని ఆ సీడీలు పట్టుకుని వెళ్లాను. అప్పల్రాజు సెలవైనా నా వెంట వచ్చాడు. దారిలో నాకు జ్ఞానబోధ చేశాడు. "ఫ్రీగా వత్తే ఫినాయిలైనా తాగేత్తారు జనం. ఆళ్లు ఊరికే ఎందుకిత్తారు బాబూ? కంప్యూటర్ సచ్చిపోతే మనకి మెమో కాయితం వత్తాది, సూసుకోండి."

ముందు వైరస్ కాపలాకి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. నెట్ చూడటానికి ఇంకొకటి వేశాను. ఆపైన అసలు పని. మనుషులు కనపడుతూ మాట్లాడుకునేవి మూడు దొరికాయి. వాటి పేర్లు ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. తెర మీద కనపడే గుర్తుల రంగునిబట్టి పసుపుది, ఆకుపచ్చది, బూడిదది అని పిలుచుకున్నాం.

పసుపుది వేసిన పది నిమిషాల్లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు తెర మీదకొచ్చి పలకరించడం మొదలుపెట్టారు. ఒకడు ఏ ఊరని అడిగాడు. ఇంకొకడు ఆడా మగా అని అడిగాడు. నిండు చూలాలైన కూతుర్ని ఇలాంటి దాంట్లో కూర్చోబెట్టడమా అని మాస్టారికి చెమటలు పట్టాయి. దాన్ని తీసేయడానికి గంట పట్టింది. తీసేశాక కూడా అది అతికించిన ప్రకటనల పట్టీ ఒకటి నెట్ తెరిచినప్పుడల్లా తెర పైన వేలాడేది. కంప్యూటరు నెమ్మదించింది. రెండుసార్లు తనంతట తను ఆగిపోయి మళ్లీ మొదలైంది. అప్పల్రాజు నా వంక చూసిన చూపులో ఆ మెమో కాగితం నాకు స్పష్టంగా కనిపించింది. మాస్టారు కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. తిట్టినా బాగుండేదనిపించింది.

మిగిలినవి రెండు. వాటిని పరీక్షించడానికి ఎక్స్‌ఛేంజిలో డ్యూటీలో ఉన్న టెక్నికల్ అసిస్టెంటుని అక్కడి కంప్యూటరు ముందు కూర్చోమన్నాను. బూడిదది చూస్తే అగ్గిపెట్టెంత బొమ్మ, ముఖం మసక. అతని గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. ఆకుపచ్చది తెరిస్తే పెద్ద బొమ్మ, అతని చొక్కా గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. గొంతు పక్కగదిలోంచి పలికినంత స్వచ్ఛం. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టించాను. ఒక్క అంకె కూడా చెదరలేదు. "ఇదే, ఇంక ఆలోచించక్కర్లేదు," అన్నాను. నా వృత్తి జీవితంలో అంత ధీమాగా చేసిన తప్పు మరొకటి లేదు. ఆ గదిలో రెండు అడుగుల దూరంలో కరుణమ్మగారు ఉన్నారు. ఒక్కసారి మీరు చేతులతో మాట్లాడి చూడండమ్మా అని నేను అడగలేదు.

మాస్టారు కుమారి సిస్టరుకి ఫోన్ చేశారు. అక్కడి కంప్యూటర్‌లో బూడిదది ముందే ఉందట, ఆకుపచ్చది కూడా వేయించారు. కంప్యూటర్ బల్లని మంచం పక్కకి జరిపాం. మాస్టారు కొని ఉంచిన చిన్న కెమెరాని తెర మీద రబ్బరు బ్యాండుతో కట్టాం.

సోమవారం అంతా బాగానే జరిగిందని మాస్టారు ఎక్స్‌ఛేంజికి ఫోన్ చేసి చెప్పారు. బొమ్మ కొంచెం ఆగి ఆగి వస్తోందనీ, అయినా ఎస్తేరు ప్రతిదీ రెండుమూడుసార్లు చూపిస్తే వాళ్లావిడ అర్థం చేసుకుందనీ అన్నారు. వాన వల్ల కేబులు జాయింట్లో నీళ్లు చేరి ఉంటాయనుకుని అప్పల్రాజుని పంపాను. వాడు జాయింటు విప్పి ఆరబెట్టి కట్టాడు. మంగళవారం కూడా అంతే. బుధవారం ఉదయం నేనే ఎక్స్‌ఛేంజిలో వాళ్ల లైను కొలిచాను. కొలతలన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. అప్పుడు మొదలైంది నాకు భయం. తీగలో తప్పుంటే దిద్దగలను. తీగ బాగున్నప్పుడు తప్పెక్కడుందో నాకు తెలియదు.

పది గంటలు కాకముందే అప్పల్రాజుతో గవరపాలెం చేరాను. కరుణమ్మగారు దిండ్లకి ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఆమెన్ అన్నాక మాస్టారు ఆకుపచ్చది తెరిచారు. కుమారి సిస్టరు గొంతు గంటలా మోగింది.

"అమ్మా, పొద్దున్న బీపీ బాగా ఎక్కువొచ్చింది. డాక్టరమ్మగారు పక్కనే ఉన్నారు. ఎలా ఉందో ఎస్తేరుని సరిగ్గా అడగండి. తొందరగా చెప్పాలట."

తెర మీద ఎస్తేరు కనిపించింది. నేను ఆ పిల్లని చూడటం అదే మొదలు. ముఖం ఉబ్బి ఉంది. కరుణమ్మగారు చేతులు తిప్పుతూ అడిగారు. ఎస్తేరు చేతులు లేచాయి. కణతల దగ్గర ఆగాయి. అక్కడే ఉండిపోయాయి. ఆమె ఆపలేదు, బొమ్మ ఆగింది. కొన్ని క్షణాల తరువాత చేతులు ఒళ్లో ఉన్నాయి. మధ్యలో ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. మళ్లీ అడిగారు. మళ్లీ చేతులు గాలిలో గడ్డకట్టాయి. అంతసేపూ సిస్టరు మాట మాత్రం ఒక్క అక్షరం తెగకుండా వస్తోంది. వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినిపించింది.

"ఏమంటోందమ్మా? డాక్టరమ్మగారు అడుగుతున్నారు."

"నాకేటి కనపడతాది! సెయ్యి అక్కడే ఉండిపోనాది. ప్రభువా, దాని సెయ్యి నాకు కనపడనేదు!" కరుణమ్మగారు పిండికట్టు కాలితోనే ముందుకు వంగబోయారు. మాస్టారు భుజాలు పట్టుకుని ఆపారు. నేను మౌసు పట్టుకుని అటూ ఇటూ నొక్కుతున్నాను గానీ ఏం చేస్తున్నానో నాకే తెలియదు. నోటితో మాత్రం ఒక మాట అన్నాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "గొంతు బాగానే వస్తోంది కదమ్మా," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "ఆ గొంతు ఆపండి బాబూ! నా కూతురికి గొంతెందుకు? మాట మాకొద్దు. సెయ్యి కావాల!"

ఆ మాటతో నాకు తప్పెక్కడుందో తెలిసింది. ఇంటర్నెట్ దారికి ఒక వెడల్పు ఉంటుంది. మనకి వచ్చే దారి కొంచెం వెడల్పు, మననుంచి వెళ్లేది సన్నం. ఆసుపత్రినుంచి రావాల్సిన బొమ్మ అక్కడి సన్నదారిలోనే బయటికి రావాలి. ఆ ఇరుకులో మాటా బొమ్మా రెండూ పట్టకపోతే ఆకుపచ్చది మాటని ముందు పంపి బొమ్మని ఆపేసేది. ఆ బొమ్మ కూడా పెద్దది, నిగనిగలాడేది, కదలడానికి బరువు. మాట తెగకూడదు, మిగతాది ఎలా పోయినా ఫరవాలేదు అనుకునేవాళ్లు దాన్ని తయారుచేశారు. నా బోటివాళ్లు. చేతుల మాటకి కావలసింది అందం కాదు, ఆగకుండా ఉండటం.

అప్పల్రాజుని ముందుగదిలోని ఫోను తెమ్మన్నాను. వాడు సంచిలోంచి తీగ లాగి, గోడ పెట్టె దగ్గర కలిపి, ఫోను తెచ్చి మంచం మీద పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. స్ప్లిటర్ ఉంది గనక నెట్ నడుస్తుండగానే ఫోను మాట్లాడవచ్చు. ఆసుపత్రి ఆఫీసు నంబరుకి మామూలు ఎస్‌టీడీ కాల్ చేయించాను. మాట ఫోనులోకి వెళ్లింది. సిస్టరుకి ఫోనులోనే చెప్పి, అక్కడా ఇక్కడా ఆకుపచ్చది మూసి బూడిదది తెరిపించాను. ఆమెకి తెర మీద ఆ బూడిద గుర్తు దొరకలేదు, గొంతులో కంగారు. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాను. రెండువైపులా మైకు ఆపించాను. బొమ్మ సైజు అన్నిటికన్నా చిన్నదానికి తగ్గించాను. కరుణమ్మగారి వెనక పూల తెర ఉంటే మాస్టారుచేత తీయించాను, వెనక కదిలేవి తక్కువైతే పంపాల్సిందీ తక్కువవుతుంది.

అగ్గిపెట్టెంత బొమ్మ వచ్చింది. ముఖం మసక. కళ్లెక్కడున్నాయో సరిగా తెలియదు. కానీ చేతులు కదిలాయి. కణతలనుంచి కళ్ల ముందుకి, అక్కడ వేళ్లు విచ్చుకుని ముడుచుకుని మళ్లీ విచ్చుకున్నాయి. తరువాత ఒక చెయ్యి రొమ్ము కింద అదిమి పట్టుకుంది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. కరుణమ్మగారి ముఖం చూసి నాకు అర్థమైంది.

ఆవిడ ఏడవలేదు. ఫోను తీసుకుని గొంతు గట్టి చేసుకుని ఒక్కొక్కటే చెప్పారు. "రాత్రినుంచి తల పగిలిపోతందంట. పొద్దున్నుంచి కళ్ల ముందు మెరుపులంట. ఇక్కడ నొప్పంట. మీరు అడిగితే నవ్వేనమ్మా అంటంది." అటునుంచి డాక్టరమ్మగారి గొంతు వినిపించింది. ఫోను ఎవరో బల్ల మీద పెట్టేశారు. అగ్గిపెట్టెలో ఎస్తేరుని చక్రాల కుర్చీలోకి మార్చడం కనిపించింది. వెళ్తూ వెళ్తూ తల్లివైపు చెయ్యెత్తి ఏదో అంది. కరుణమ్మగారు తిరిగి అదే చెయ్యెత్తారు. ఆ కుర్చీ వెళ్లిపోయాక తెర మీద ఖాళీ గోడ ఒకటే మిగిలింది. దాన్ని ఎవరం మూయలేదు.

నాకు ఎక్స్‌ఛేంజిలో పనులున్నాయి. వెళ్లలేదు. మాస్టారు గడప దగ్గర నిలబడి ఉన్నారు. అప్పల్రాజు అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించకుండానే వేళ్ల మధ్య నలిపాడు. ఆదివారమే నేను ఆవిడని అడిగి ఉంటే మూడు రోజులు కలిసొచ్చేవి అన్న లెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఫోను మోగింది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, బరువు తక్కువ. ఎస్తేరుకి రక్తపోటు ఇంకా దిగలేదు, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. ఆ రెండు రోజులూ గడిచాయి. ఇద్దరూ బతికారు.

పదిహేను రోజుల తరువాత, కొత్త స్ప్లిటర్ పెట్టే నెపంతో వాళ్లింటికి వెళ్లాను. కరుణమ్మగారు ఆ చిన్న బొమ్మలో మనవరాలిని చూస్తున్నారు. మైకులు ఆపే ఉన్నాయి. ఎస్తేరు పిల్లని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మాట్లాడుతోంది. వాళ్ల మాటలు అయ్యేదాకా ఆగి, నోరు ఊరుకోక, "పిల్లకి వినపడుతుందని చెప్పారామ్మా డాక్టర్లు?" అని అడిగాను.

"నేనడగనేదు బాబూ," అన్నారావిడ, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే. "ఇంటే నోటితో పిలుత్తాం. ఇనకపోతే సేత్తో పిలుత్తాం. పిలవడం మానేత్తామా ఏటి?"

కంప్యూటర్ ముట్టుకున్న సంగతి సబ్ డివిజనల్ ఇంజినీరుగారికి నేనే రాతపూర్వకంగా తెలియజేశాను. ఆయన మందలించారు. అది న్యాయమే.

ఆ తరువాత ఎనిమిదేళ్లు సర్వీసు చేశాను. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరైనా అడిగితే పేరు చెప్పడం మానేశాను, ఎవరి కోసం అని అడిగేవాణ్ణి. లైను పెట్టాక పరీక్ష కూడా నేను చేసేవాణ్ణి కాదు. దాన్ని వాడబోయే మనిషినే కూర్చోబెట్టి, వాళ్లకి కావలసిన పని వాళ్లచేతే చేయించి, బాగుందని వాళ్లు అన్నాకే ఫారం తీసేవాణ్ణి. ప్రతి ఇంటి దగ్గరా అరగంట ఎక్కువ పట్టేది. ఇంత ఆలస్యం ఎందుకని పైవాళ్లు అడిగితే, లైను బాగుందని చెప్పే అర్హత నాకు లేదని జవాబు రాసేవాణ్ణి. దాన్ని వాళ్లు వినయం అనుకున్నారు.